వెలగని బొమ్మకు హౌస్‌ఫుల్

మేనేజరు గారి హాల్లో దయ్యాలు సినిమా చూస్తున్నాయని కుట్టుమిషను పిన్ని చెప్పిందట.

పక్కింటి పిన్ని మాట భార్య నోటి మీదుగా మేనేజరు చెవికి చేరేలోగా దానికి నాలుగు కుట్లు ఎక్కువే పడతాయి. కానీ ఈసారి భార్య ఒక్క కుట్టు కూడా వేసినట్టు లేదు.

"నిన్న మ్యాట్నీకని వెళ్ళిందటండీ. బయట హౌస్‌ఫుల్ బోర్డు వేలాడుతోందట. ఇంత దూరం వచ్చాను, పాటైనా విని పోదామని పక్క గుమ్మానికి చెవి ఆనిస్తే పాటా లేదు పాడూ లేదట. సందులోంచి చూస్తే కటిక చీకటి. 'మీ ఆయన ఎవరికే సినిమా చూపిస్తున్నాడు?' అని గోడ మీంచి వీధంతా వినేలా అడిగింది. నేనేం చెప్పను?"

"దయ్యాలైతే బాగుండును. కనీసం వచ్చి కూర్చుంటాయి," అన్నాడు మేనేజరు చెయ్యి కడుక్కుంటూ.

భార్య నవ్వలేదు. "అక్క ఈవేళ వస్తోంది. రేపూ మాపూ అని మీరు తిప్పింది చాలు. ఈవేళతో ఆ సినిమా ఎత్తేస్తున్నారని ఆవిడకి తెలిసిపోయింది."

అక్క అంటే మేనేజరుకి వదిన. ఆయన అన్న కూరగాయల మార్కెట్లో బస్తాలు మోసేవాడు. ఒకరోజు సినిమావాళ్ళు మార్కెట్లో దిగి, హీరో నడిచొస్తుంటే వెనకాల ఎవరి పని వాళ్ళు చేసుకోండన్నారు. అన్న తన బస్తా తాను మోసుకుంటూ పోయాడు. సినిమా విడుదల కాకముందే, ఒక సాయంత్రం భోజనానికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు.

మొదటి రోజు మొదటి ఆటలో మేనేజరు చూశాడు. సంత సీనులో హీరో వెనక, తెర ఈ చివర నుంచి ఆ చివరకు, ఎడమ భుజం కాస్త దించి, ఎవరి మీదో జోకు వేసినట్టు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ నడిచిపోయాడు అన్న. నిలువెత్తు మనిషి. ఆ సంగతి వదినకు చెప్పకుండా ఉంటే సరిపోయేది. నోరు ఊరుకోలేదు.

అప్పట్లో వచ్చి చూడటానికి ఆమెకు గుండె చాలలేదు. ఇప్పుడు చాలింది. టీవీలో వస్తుందిలే వదినా అంటే, "టీవీలో మీ అన్న అగ్గిపుల్ల తలంత ఉంటాడు. నా ఇంట్లో ఫొటోల్లో ఊపిరి బిగబట్టి కొయ్యలా నిలబడ్డాడు. నాకు ఆ నడక కావాలి మరిదీ," అంది.

అడిగింది ఏముంది? ఒక్క టికెట్టు. ఆ ఒక్క టికెట్టే ఆ హాల్లో లేదు.

ఎందుకు లేదంటే, అంతకుముందు ఇదే హాల్లో ఇంకో హీరో సినిమా వరసగా హౌస్‌ఫుల్ ఆటలాడి రికార్డు కొట్టింది. దాన్ని దాటాలని ఈ సినిమా నిర్మాత పట్టుబట్టాడు. మొదట్లో జనమే వచ్చారు, ఈలలు వేసుకుంటూ, చొక్కాలు చింపుకుంటూ. జనం పలచబడగానే నిర్మాత ఆఫీసువాళ్ళు అభిమాన సంఘం పేరు మీద టికెట్లన్నీ తామే కొనడం మొదలుపెట్టారు. కొన్నవాళ్ళు రారు. రావాలనుకున్నవాళ్ళకు టికెట్లుండవు. బయట బోర్డు, లోపల బూజు. పోస్టరు మీద మాత్రం 'జనప్రభంజనం' అని తాటికాయంత అక్షరాలు.

ఈ ప్రభంజనాన్ని చూసుకోవడానికి నిర్మాత తరఫున ఒక మనిషిని పెట్టారు. నోరు తెరిస్తే శతదినం, శతదినం అంటాడని హాల్లో అందరూ అతన్ని శతదినం అనే పిలిచేవాళ్ళు. ప్రతి ఆటకీ ముందు గేటు దగ్గర కుర్చీ వేసుకుని, టికెట్ల బొమ్మలున్న ఫోన్లు ఒక్కొక్కటే మెషిను ముందు పెట్టి కుయ్ కుయ్‌మనిపించేవాడు. కుయ్‌మన్నప్పుడల్లా ఒక మనిషి లోపలికి వెళ్ళినట్టు. చివరికి మెషిను హాలు నిండిందని చెప్పేది. శతదినం చేతులు దులుపుకుని, నిజంగానే అంతమందిని తోసుకుంటూ లోపలికి పంపినవాడిలా చెమట తుడుచుకునేవాడు. ఆ తుడుచుకోవడం చూడలేక మేనేజరు మొహం తిప్పుకునేవాడు.

తిప్పుకున్నా ఏం లాభం? ఆయన మాత్రం తక్కువ తిన్నాడా? చూసేవాడు లేనప్పుడు ప్రొజెక్టరు బల్బు ఎందుకు మండించాలని హాలు యజమాని అంటే, "నిజమేనండి," అన్నది తానే. అప్పటినుంచి ఆటవేళకు ప్రొజెక్టరు గదిలోని మెషిను తనంతట తాను సినిమా మొదలుపెట్టేది. బల్బు వెలగదు, స్పీకర్లు మూగవి. చీకట్లో, నిశ్శబ్దంగా, హీరో పుట్టి పెరిగి పగ తీర్చుకుని పోయేవాడు. మెషిను మాత్రం ఆట ఆడిందని తనలో రాసుకునేది.

ఏసీ కూడా కట్టేశారు. ఎప్పుడో ఒలికిన కూల్‌డ్రింకు నేలమీద జిగురై చెప్పులు పట్టుకునేది. కుర్చీల కింద పాప్‌కార్నుకు బొద్దింకలు సంసారాలు పెట్టాయి. క్యాంటీను ఆయన మేనేజరు కనబడితే చాలు, "ఏం సార్, ఇంత జనంలో ఒక్కడికీ ఆకలెయ్యదా? పోనీ ఒంటికైనా వెళ్ళరా? మరుగుదొడ్లు ఎండిపోయి పగుళ్ళిస్తున్నాయి!" అనేవాడు. హాలు నిండిందో లేదో పోస్టరు చూసి చెప్పలేం గాని, దొడ్డివైపు వాసన చూసి ఎవడైనా చెప్పగలడు. ఆ వాసన లేని హౌస్‌ఫుల్ మేనేజరుకు అంతకన్నా కంపుగా ఉండేది.

ఆ మధ్యాహ్నం వదిన వచ్చింది. ఉతికి దాచిన, మడతలు కనిపించే చీర కట్టుకుని, పెళ్ళిచూపులకు వచ్చినట్టు బోర్డు కింద నిలబడింది. గేటు దగ్గర శతదినం కుయ్ కుయ్‌మనిపిస్తున్నాడు.

"నిండిపోయిందట కదా మరిదీ. మరి జనమేరీ?" అంది.

"నువ్వు రా వదినా," అని ఆమెను పక్క గుమ్మంలోంచి తీసుకెళ్ళి, ఫోను లైటు వెలుగులో ఓ శుభ్రమైన కుర్చీ వెతికి కూర్చోబెట్టాడు. "కదలకు. బొమ్మ వేయిస్తా."

"మీ అన్న ఎప్పుడొస్తాడు?"

"మొదట్లోనే. సంతలో."

ఆమె చీకట్లోనే పైట సర్దుకుంది.

ఆట మొదలైన గంట అప్పుడే మోగింది. మేనేజరుకు కంగారేం లేదు. సంత సీనుకు ముందు హీరో చిన్నతనం, తల్లి ఏడుపు, ఒక ఫైటు ఉన్నాయి. మెట్లెక్కి ఆపరేటరు చేత బల్బు వెలిగించేందుకు బోలెడు వ్యవధి. కానీ మెట్ల మధ్యలో శతదినం అడ్డం తగిలాడు.

"ఎవరండీ ఆవిడ? లోపలికి పంపారేంటి?"

"మా వదిన. ఒక్కర్తే."

"ఒక్కర్తయినా హాలు నిండిపోయింది కదా మేనేజరు గారూ! నిండిన హాల్లో ఇంకో మనిషిని ఎక్కడ కూర్చోబెడతారు? తనిఖీవాళ్ళొస్తే ఎక్కువమందిని ఎక్కించారని రాస్తారు."

మేనేజరు అతని మొహంలోకి చూశాడు, ఎక్కడైనా నవ్వు దాగుందేమోనని. లేదు. మనిషి మనస్ఫూర్తిగానే అంటున్నాడు.

"ఎక్కించడమేంటయ్యా? లోపల ఈగ లేదు!"

"మెషిను అలా చెప్పట్లేదుగా."

"మెషిను కాదు, నీకు కళ్ళున్నాయా లేవా? పద, చూపిస్తా."

"నా కళ్ళతో రికార్డు ఒప్పుకోరు సార్."

మాటామాటా పెరిగింది. శతదినం యజమానికి ఫోను కలిపాడు. అవతల యజమాని, "ఈ ఒక్క ఆటతో రికార్డు మనది. ఆ పేరు చూపించి రాబోయే పెద్ద సినిమాలు అడుగుతున్నా. లేకపోతే ఈ హాలు సామాన్ల గోడౌనుకిచ్చేస్తా, నువ్వు మూటలు లెక్కపెట్టుకుంటూ కూర్చో," అన్నాడు. ఫోను పెట్టేశాక శతదినం కాస్త మెత్తబడ్డాడు. గడ్డం గీరుకున్నాడు. అతని కళ్ళలో ఏదో వెలిగింది.

"ఒక పని చేద్దాం. ఆఫీసువాళ్ళు నిండు హాలు ఫొటో అడుగుతున్నారు. ఆవిణ్ణి వెనకనుంచి ఒక్కటి తీస్తా. తెరమీద హీరో డాన్సు ఉండాలి, ముందు మనిషి తల ఉండాలి. మిగతా తలకాయలు కంప్యూటరులో అతికిస్తారు. సరేనా? అయితే వెలిగించుకోండి."

మేనేజరుకు ఉమ్మెయ్యాలనిపించింది. "సరే," అన్నాడు. రెండేసి మెట్లు ఎక్కి, "బల్బు!" అని అరిచాడు.

ఆపరేటరు తినే అరటిపండు పక్కన పెట్టి మీట నొక్కాడు. తెర వెలిగింది. స్పీకర్లు గుండెలదిరేలా మోగాయి. తెరమీద హీరో నలభైమంది అమ్మాయిల మధ్య నడుమూపుతున్నాడు. అది మొదటి పాట.

మొదటి పాట సంత తర్వాత వస్తుంది.

మేనేజరు ప్రొజెక్టరు గది కిటికీలోంచి కిందికి చూశాడు. ఖాళీ కుర్చీల మధ్య ఒక్క తల. ఇందాక ఆమె సర్దుకు కూర్చుని బొమ్మ ఇంకా వెయ్యలేదనుకుంటూ ఎదురుచూస్తున్నప్పుడే, ఆ నల్లటి తెరమీద, ఆమె కళ్ళెదుటే, అన్న బస్తా మోసుకుంటూ నవ్వుకుంటూ దాటిపోయాడు.

"వెనక్కి తిప్పు," అన్నాడు మేనేజరు.

"తిప్పొచ్చన్నా," అన్నాడు ఆపరేటరు, "బటను నొక్కితే సంత దగ్గరికెళ్తుంది. కానీ మెషిను రాసుకుంటుంది, ఆపి వెనక్కి తిప్పారని. అప్పుడు ఈ ఆట లెక్కలోకి తీసుకోరు."

"సాయంత్రం ఇంకోసారి వేస్తే?"

"సినిమా ఆడించేందుకు కంపెనీ ఇచ్చిన కంప్యూటరు తాళం గడువు ఈ ఆటతోనే అయిపోతుంది. ఆ తర్వాత నిర్మాతే వచ్చి బతిమాలినా మెషిను పలకదు."

వెనకాల శతదినం ఎప్పుడు వచ్చాడో, ఫోను ఎత్తి ఫొటోలు తీస్తూనే, "వరస తెగిపోతుంది సార్," అన్నాడు, పిల్లి ఎదురొచ్చినవాడిలా మొహం పెట్టి. "ఇన్నాళ్ళ కష్టం."

కష్టం! మేనేజరు బటను మీద వేలు పెట్టాడు. గోడౌను కళ్ళముందు కనబడింది. మూటలు, తాళాలు, ఎలుకల బోను పక్కన తన కుర్చీ. ఒక్కసారి నొక్కితే అన్న వస్తాడు. ఆపరేటరు ఎటో చూస్తున్నాడు. శతదినం ఫొటోలు తీయడం ఆపాడు. పాట అయిపోయింది. ఇంకో సీను కూడా అయిపోయింది.

మేనేజరు వేలు తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు, దానికేదో అంటినట్టు.

కిందికి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఇంకా రాలేదేం మీ అన్న?" అంది తెరమీంచి చూపు తిప్పకుండా.

"వస్తాడు వదినా. ఇంటర్వెల్ తర్వాత."

ఆమె నమ్మింది. ఇంటర్వెల్‌లో లేవమన్నా లేవలేదు, ఈలోగా వచ్చేస్తాడేమోనని. గుంపు కనబడిన ప్రతిసారీ మెడ చాచేది. పెళ్ళి గుంపులో వెతికింది. శవయాత్రలో వెతికింది. హీరో ముప్పైమంది రౌడీలను గాల్లోకి లేపుతుంటే, ఎగిరిన ప్రతివాడి మొహంలోకీ చూసింది. మేనేజరు తెరవైపు కాకుండా తన చెప్పులవైపే చూస్తూ కూర్చున్నాడు. కాళ్ళు నేలకు అంటుకుపోయాయి.

శుభం పడింది. లైట్లు వెలిగాయి. బొద్దింకలు కుర్చీల కిందికి పరిగెత్తాయి.

"రాలేదు," అంది వదిన.

మేనేజరు నోరు తెరిచేలోగా, వెనకనుంచి దిగివస్తున్న ఆపరేటరు ఆగలేక అనేశాడు. "సంత సీను చీకట్లోనే పోయిందమ్మా. అప్పటికి మేం బల్బు వెలిగించలేదు."

ఆమె మరిదివైపు చూసింది. ఇంటర్వెల్ తర్వాత వస్తాడన్నావు కదా అని అడగలేదు. అడిగినా బాగుండేది.

అంతలో శతదినం ఎగురుకుంటూ వచ్చాడు. రికార్డు ఖాయమైందని ఆఫీసునుంచి కబురొచ్చింది. మొహం మతాబులా ఉంది. ఫోను ఆమె ముందు పెట్టాడు. "చూడండమ్మా, అప్పుడే తయారుచేసి పంపారు! మధ్యలో మీరే. రేపు ఊరంతా ఈ పోస్టరే."

ఫొటోలో హాలు కిటకిటలాడుతోంది. అటు చివరినుంచి ఇటు చివరికి తలలే తలలు, లేచిన చేతులు, విసిరిన కాగితాలు. వాటి మధ్య నెరిసిన ఓ చిన్న ముడి, తెరవైపు సాగిన మెడ.

వదిన ఫోను దగ్గరికి తీసుకుని, ఒక్కొక్క తలా పరీక్షగా చూసింది. తిరిగిచ్చేసింది. పైట భుజం మీదికి లాక్కుని లేచింది.

"లేనివాళ్ళను ఇంతమందిని తెచ్చి కూర్చోబెట్టారే. ఉన్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించడానికి మీకు చేతకాలేదా?"