ఆవిడ మొహం మీది నీడ

దుప్పట్లు మడతపెడుతుంటే మా ఆయన అడిగారు, "నిన్నటి సినిమా నీకెలా అనిపించింది?"

నలభైలనాటి నలుపు తెలుపు నేరకథల సినిమాలంటే ఆయనకు ప్రాణం. కాలేజీలో పాఠాలు చెబుతారు; నెలకోసారి ఫిల్మ్ క్లబ్బులో ఒక సినిమా వేసి దాని గురించి మాట్లాడతారు. ముందుగా ఇంట్లో చూసేటప్పుడు నేనూ చూస్తాను, బఠానీలు ఒలుస్తూనో, ఆయన చొక్కాలకు గుండీలు కుడుతూనో. చేతులకే కదా పని, కళ్లకు కాదు. వానకు తడిసి మెరిసే రోడ్డు, టోపీ కింద సగమే కనిపించే మొహం, మెట్లు దిగి వచ్చే అందగత్తె... ఆ వెలుగునీడల పిచ్చి నాకూ పట్టుకుంది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"ఆ అందగత్తె వల్లే ప్లీడరు హంతకుడయ్యాడని కదా కథ? ఆవిడ నోరు విప్పకముందే కిటికీ చువ్వల నీడ మొహం మీద పడేలా దీపం పెట్టారు. నేరం జరక్కముందే జైల్లో వేసేశారు" అన్నాను.

ఆయన "ఊఁ" అన్నారు.

ఆదివారం క్లబ్బులో ఆ మాటే మైకులో విన్నాను. "నాకు తట్టిందేమిటంటే" అని మా ఆయన మొదలుపెట్టి చువ్వలు, నీడ, జైలు అన్నీ చెప్పారు. చప్పట్లు మోగాయి. ఇది కొత్త కాదు. నా మాటకు ఇంత విలువుందా అని ఇన్నాళ్లూ చాటుగా మురిసిపోయేదాన్ని. "మావాడి బుర్రే బుర్ర" అన్నారు పక్కన కూర్చున్న అత్తగారు, ఎప్పటిలాగే.

ముందు వరసలో ఒకావిడ లేచింది. "మరి ప్లీడరు మొహం మీద నీడ పడదేం?"

ఆయన తడబడ్డారు. "అంటే... దర్శకుడి ఉద్దేశం..." అంటూనే కళ్లతో నన్ను వెతికారు, అందించమన్నట్టు.

లేచి నిలబడ్డాను.

"కథ చెప్పేది అతనే కాబట్టి పడదండీ. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తన ఆశకు ఆవిడ అందాన్ని తప్పుపట్టాడు. ఆవిడ అడగకముందే తుపాకీ కొన్నాడు, ఆ సీను మళ్లీ చూడండి. వెలుతురును ఇంత గొప్పగా వాడిన సినిమాలు తక్కువ. కానీ ఆ వెలుతురు న్యాయంగా పడలేదు." ఆయన వైపు చూశాను. "ఇందాకటి నీడ మాట కూడా నాదే."

అంతమందిలో అంత మాట అనేశాను. అది నాకే గర్వంగా అనిపించింది. కూర్చోగానే అత్తగారు నా చెవి దగ్గరికి వంగారు. "తుపాకీ సంగతి నేనూ చూశానే."

ఇంటికి వెళ్లే దారిలో ఆయన, "నలుగురిలో నా పరువు తీశావు. ఇంట్లో చెబితే సరిపోయేదిగా" అన్నారు.

"ఇన్నాళ్లూ ఇంట్లోనే చెప్పానండీ."

వీధి మలుపు తిరిగాక ఆయన గొంతు మెత్తబడింది. "సరే, వచ్చే నెల సినిమా గురించి మనం ఏం చెబుదాం?"

"ఈసారి మీరు చూసి, మీకేమనిపించిందో మీరే చెప్పండి. బాగుందో లేదో నేను చెబుతాను."