సేనాపతి అత్తగారి వాంగ్మూలం

పాలు పొంగితే తప్పు పొయ్యిది. తెల్ల చొక్కాలు గులాబీ రంగుకి తిరిగితే తప్పు సబ్బుది. కాపురానికి వచ్చిన నాటినుంచి అత్తగారి నోట "తప్పు నాదే" అన్న ముక్క కోడలి చెవిన పడలేదు. ఒక్కసారి, కనీసం ఆటలోనైనా ఆ మాట అనిపించాలని కోడలు పంతం పట్టింది. అందుకే ఆదివారం మధ్యాహ్నం, భోజనాల బల్ల మీద, దొరగారిని చంపేసింది.

అదొక సమురాయ్ ఆట, పాతకాలపు జపాన్ యోధుల కథ. కోడలు కథ నడుపుతుంది, మిగతావాళ్ళు తలో వేషం వేసుకుని మాటలతోనే కత్తులు దూస్తారు. దొరగారు టీ తాగుతూ అనుమానాస్పదంగా కన్నుమూశారు. కోడలి మొగుడు విచారణాధికారి. అత్తగారు సేనాపతి, అంతకు తక్కువ వేషానికి ఆవిడ ఒప్పుకోదు. మావగారికి మిగిలింది కోట కాపలా. విషం కలిపింది సేనాపతేనని, ఆట మొదలయ్యే ముందే అత్తగారిని వంటింట్లోకి లాగి కోడలు చెవిలో ఊదింది. ఆవిడ మహా ఆనందంగా తలూపింది.

ఇంట్లో తన తాళాలు తాను వెతుక్కోలేని ఆ మొగుడు ఆటలో మాత్రం చెలరేగిపోయాడు. కోడలే గొంతు మార్చి పలికిన దాసీని నిలదీశాడు, గదులన్నీ గాలించాడు.

"విషం సీసా నీ గదిలోనే దొరికిందమ్మా. దాసీ నిన్ను కళ్ళారా చూసింది. ఏమంటావ్?"

కోడలు కుర్చీ అంచుకి జరిగింది. అత్తగారు తాపీగా ఆమె వైపు తిరిగింది.

"అమ్మాయ్, ఈ ఆటలో సీసాలూ దాసీలూ చెల్లవనీ, పెద్ద హోదా ఉన్నవాళ్ళ మాటే సాక్ష్యమనీ నువ్వే కదా చెప్పావు?"

"చెప్పాను అత్తయ్యా." తన గొయ్యి తానే తవ్వుకున్నానని కోడలికి అప్పుడు తెలిసొచ్చింది.

"అయితే వినండి. ఆ కాపలావాడే చంపాడు. వాడి వాలకం నాకు మొదట్నుంచీ నచ్చలేదు."

"చిత్తం, నేనే చంపాను," అన్నారు మావగారు. ఆయనకది ఎన్నో ఏళ్ళ అలవాటు. "మరి పరువు దక్కాలంటే కడుపు కోసుకోవాలి కదా? కత్తికి బదులు ఆ స్కేలు ఇటివ్వరా. కళ్ళజోడు కూడా. పొట్ట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియడం లేదు."

కొడుకు పగలబడి నవ్వాడు. అత్తగారు నవ్వలేదు. మావగారు స్కేలు పొట్టకి ఆనించగానే చటుక్కున లాక్కుంది.

"ఆపండి! ఆటైతే మాత్రం, నన్నొదిలేసి అంత తేలిగ్గా పోతారా?" ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఆయన ఏ పాపమూ ఎరగరురా. చంపింది నేనే. తప్పు నాదే."

కోడలు గంతులేయాల్సింది. తీరా చూస్తే కళ్ళు చెమర్చాయి, అత్తగారి మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. మావగారు మాత్రం కోడలికేసి చూసి చల్లగా కన్ను గీటారు.

అత్తగారు ముక్కు తుడుచుకుని, గొంతు సవరించుకుంది.

"సరే, విషం నేనే కలిపాను. నా మానాన నేనుంటే వంటింట్లోకి లాక్కెళ్ళి, చెవిలో ఊది, నా చేత ఆ పని చేయించిందెవరు? అడగరా, విచారణాధికారివి కదూ!"

విచారణాధికారి మెల్లిగా పెళ్ళాం వైపు తిరిగాడు.