ఎలుకల దాకా వచ్చిన మందు

పెరుగు గిన్నె బయట ఎవరు పెట్టారని మా అత్తమ్మ వజ్రమ్మ పొద్దున్నే మొదలుపెట్టింది. పెరుగు పులిసిపోయింది. ఫ్రిజ్‌లో పై అర మాత్రం శుభ్రంగా తుడిచి, ఖాళీగా ఉంది.

“గా అర నీ పేరు మీద పట్టా అయ్యిందారా?” అంది నా భర్త మహేశ్వర్‌తో.

“పులిస్తే మజ్జిగచారు చెయ్యి. గింత దానికి లొల్లా?” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “నవత మందు తెస్తది. దానికి జాగ.”

నవత నా ఆడబిడ్డ. నగరంలో ఒక పరిశోధన ల్యాబ్‌లో పెప్టైడ్లు తయారుచేస్తుంది. అమైనో ఆమ్లాలను ఒక్కొక్కటిగా కలుపుతూ పోవాలి. మధ్యలో ఒకటి సరిగ్గా అంటుకోకపోయినా చేసిందంతా పారబోయాల్సిందేనట. వాళ్లు చేసిన ఒక పెప్టైడ్ క్లోమంలోని క్యాన్సర్ గడ్డను వెతుక్కుంటూ వెళ్లి పట్టుకుంటుందని, ఎలుకల్లో గడ్డ తగ్గిందని పోయినేడు సంబరంగా చెప్పింది. మామయ్య గోపయ్యకు అదే జబ్బు ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. ఇప్పుడు కీమో పనిచేయడం లేదని దవాఖానలో చెప్పేశారు.

సాయంత్రం నవత ఇబ్రహీంపట్నంలో బస్సు దిగి వట్టి చేతులతో ఇంటికి వచ్చింది. మహేశ్వర్ వంటింట్లోనే అడ్డుపడ్డాడు.

“తేలేదా?”

“గది మనుషులకిచ్చేది కాదన్నా. ఎలుకలకు గడ్డ తగ్గింది గని, జర ఎక్కువిస్తే కిడ్నీలు ఖరాబైనయి. మనిషికెంత ఇయ్యాల్నో ఎవ్వలకు ఎర్కలేదు.”

“ఇయ్యకుంటే బతుకుతడా బాపు? నీ నౌకరి ఫికర్ నీది.”

నవత చున్నీతో ముఖం తుడుచుకుంది. ల్యాబ్‌లో ఆ సీసాను చేతిలోకి తీసుకుని, చాలాసేపు నిలబడి, మళ్లీ పెట్టేసి వచ్చానని తర్వాత నాకొక్కదానికే చెప్పింది.

అందరం అన్నానికి కూర్చున్నాం. మామయ్య రెండు ముద్దలు తిని చేయి ఆపారు. పక్క గదిలోంచి అంతా విన్నారని అప్పుడు అర్థమైంది.

“పత్తికి కొత్త మందు ఏది కొట్టినా, ముందుగాల ఒక్క సాలు చెట్లకే కొట్టి చూసేటోన్ని. మాడితే గా సాలే మాడుతుండె. నాకు ఇంకో సాలు ఏడున్నదిరా మహేశా?”

మహేశ్వర్ తల వంచుకున్నాడు. మామయ్య కంచం పక్కకు జరిపారు.

“బిడ్డను సతాయించకు. దాని మందు తయారైనంక ఎవలకో పనికొస్తది. రేపటిసంది నేను దవాఖానకు రాను. నొప్పి గోలీలు తెచ్చియ్యి, గంతే.”