తొవ్వ ఎవలది?

"…గట్ల కాదు బిడ్డా షారోన్. మీ బాపమ్మకు కోపమొచ్చిందని రాయకు, నిలవడ్డదని రాయి. కోపం రోజూ ఉండేదే."

సామ్యూల్ తాత ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటూ చెబుతున్నాడు. మనవరాలు రాస్తోంది. గడప అవతల ఆ బాపమ్మ, రిబ్కమ్మ, చిక్కుడుకాయలు తుంచుతూ, వింటున్నా విననట్టే కూర్చుంది.

ఈ ముచ్చట తాత తండ్రి చావుతో మొదలైంది. అప్పుడు వాడలో దారి లేదు. గోడకు గోడ ఆనుకొని ఇళ్ళు. శవపెట్టెను గోడల మీది నుంచి చేతులు మార్చుకుంటూ చర్చికి దాటించారు. ఆ వారంలోనే ఎవరి గోడ వాళ్ళు కూలగొట్టుకొని, తలా ఇంత వాకిలి వదిలి, బండి పట్టేంత తొవ్వ తీశారు. తర్వాత వెనకాల వెలసిన కూలీల ఇళ్ళకూ అదే దారైంది.

మొన్నటి ఎండాకాలం మున్సిపాలిటీ నుంచి నరేశ్ సర్వేకు వచ్చాడు. రిబ్కమ్మ లోపలికి రమ్మన్నా రాక, వాళ్ళింటి గేటు బయటే నిలబడి, "గీ తొవ్వ ఎవలది?" అని అడిగాడు.

"మాది!" అంది రిబ్కమ్మ, రొమ్ము విరుచుకొని.

అతను 'ప్రైవేటు వీధి' అని రాసుకొని పోయాడు.

ఆ మాటను పట్టుకున్నాడు హనుమండ్లు. వాడ చివర జాగా కొని ఫంక్షన్ హాలు కట్టినవాడు. ప్రైవేటు వీధి కాబట్టి తనకూ హక్కుందని, తొవ్వ మొదట్లో గేటు పెట్టనివ్వమని అర్జీ పెట్టాడు. గేటు పడితే వెనక కూలీల ఇళ్ళల్లో ఉన్న పోశవ్వ వాళ్ళు మురికి మోరీ గట్టు పట్టుకొని చుట్టూ తిరగాలి. అంబులెన్సు రానే రాదు. పోశవ్వ కోడలికి నెలలు నిండుతున్నాయి.

సంగతి తెలిసి, భైంసాలో ఉన్న కూతురు క్యాథరిన్ ఫోన్‌లోనే తల్లిని కడిగేసింది. "నీ నోరు జర ఆపుకోరాదే అవ్వా! ఒక్క మాటతోని తొవ్వ మూసినవు."

ఆ పూట రిబ్కమ్మ అన్నం ముట్టలేదు.

ఆ అర్జీ మీద పట్టణ ప్రణాళిక కమిటీ కూర్చున్న రోజు వాడంతా కదిలి వెళ్ళింది. కమిటీ పెద్ద సరోజన అడిగింది: "మాది అన్నది నువ్వే కదమ్మా?"

"నేనే అన్న. అబద్ధమెందుకు?"

హనుమండ్లు మీసం చాటున నవ్వాడు. రిబ్కమ్మ మాత్రం నరేశ్ వైపు తిరిగింది.

"కొడుకా, నాడు లోపటికి రమ్మంటె వచ్చినవా? మంచినీళ్ళు తాగుమంటె తాగినవా?"

"లేదమ్మా, పనుండె."

"గేటు కాడ నిలవడ్డ పరాయోనికి మాది అంటరా, మనది అంటరా? మీ అవ్వ నీతోని మా ఇల్లు అంటదా, మన ఇల్లు అంటదా?"

నరేశ్ తల గోక్కున్నాడు. "మన ఇల్లే అంటది."

"పోశవ్వ అడిగితె నేను గూడ మనది అనే అందును. నువ్వు పరాయోని తీరు అడిగినవు, నేను పరాయోనికి చెప్పినట్టు చెప్పిన. గంతే."

అందరూ నవ్వారు. సరోజన నవ్వలేదు. "మనది అని రాస్తే మీ వాకిళ్ళ జాగ మళ్ళ మీకు రాదమ్మా. పెండ్లి పందిరి ఏద్దామన్నా మున్సిపాలిటీని అడగాలె. వాడోళ్ళకు ఇష్టమేనా?"

రిబ్కమ్మ వెనక్కి చూసింది. అందరికంటే ఎక్కువ వాకిలి పోగొట్టుకున్న ఇంటివాడు ఎబినేజర్ లేచాడు. "మా బాపు గోడ కూలగొట్టింది వాపసు గుంజుకునేతందుకా? రాయుండ్రి మేడం."

ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. సామ్యూల్ కూడా కర్ర ఊతంతో లేచాడు.

"రాసుకో మేడం, మనది," అంది రిబ్కమ్మ. "మనది అన్నంక నీది గూడ, హనుమండ్లూ. పెండ్లి కార్లు తెచ్చుకో, ఫికర్ లేదు. గేటు మాత్రం తేకు."

కమిటీ గేటు అర్జీ కొట్టేసింది. తొవ్వను అందరి వీధిగా తీర్మానించింది. పోయిన వారం అంబులెన్సు పోశవ్వ గడప దాకా వచ్చింది. వీధి దీపం స్తంభానికి కొలత తీయడానికి వచ్చిన నరేశ్, ఈసారి గేటు తీసుకొని లోపలికొచ్చి మంచినీళ్ళు అడిగి తాగాడు.

"నీళ్ళ ముచ్చట రాసినవా?" గడప అవతలి నుంచి రిబ్కమ్మ కేక.

"రాసింది తియ్యే!" అన్నాడు తాత. తర్వాత మనవరాలి వైపు వంగాడు. "బిడ్డా, గిది మీ మేనత్త క్యాథరిన్‌కు ఫోన్ల చదివి వినిపియ్యి. నిమ్మలంగ చదువు. అవ్వ నోరు ఆపుకోని కాడ మాత్రం జర గట్టిగ చదువు."