బాతు న్యాయాధికారి కథ విన్న రోజు

కమ్ హోకి చదవడం వచ్చునన్న సంగతి ఊళ్లో ఒక్కరికీ తెలియదు. ఆ ఊరి ఆడవాళ్లకి పలకలు చెక్కడమే బతుకు. కాంటన్‌లోని అచ్చుశాలలవాళ్లు రాసిన కాగితాలు పంపేవారు. వాటిని బేరిచెక్క మీద బోర్లా అతికించి, తెల్లగా ఉన్నచోటల్లా ఉలితో తీసేస్తే అక్షరాలు ఉబ్బెత్తుగా నిలిచేవి. గీత ఎటు పోతే ఉలి అటు పోవాలి, అంతే. మగవాళ్ల కన్నా తక్కువ కూలికి చేస్తారు, చదువు రాదు గనక ఏం చెక్కుతున్నామని అడగరు. అచ్చుశాలలకి ఇంతకన్నా ఏం కావాలి?

కమ్ హో మొగుడు బడిపంతులు. బతికుండగా నాలుగేళ్లపాటు పొయ్యి ముందు బూడిదలో రాసి ఆమెకి చదువు నేర్పాడు. ఎవరికీ చెప్పొద్దని మరీ మరీ చెప్పాడు. అతను పోయిన ఏడాదికి ఊరికి చెక్కడానికి ఒక బాతుల నవల వచ్చింది. చెక్కుతూ చెక్కుతూ కమ్ హో రెండుసార్లు నవ్వాపుకోలేక వేలు కోసుకుంది. పక్కవాళ్లతో దగ్గొచ్చిందని చెప్పింది. ఆ సాయంత్రం ఇంటికి పోయాక, ఈ మాట చెప్పుకుని నవ్వడానికి మనిషి లేడే అని ఏడ్చింది.

ఏడేళ్ల తర్వాత ఆ నవలే కొంప ముంచింది. ప్రభుత్వాన్ని ఎగతాళి చేసే పుస్తకాలూ పలకలూ ఎక్కడున్నా తగలబెట్టమని రాజధాని నుంచి ఉత్తరువొచ్చింది. నిరుడే జిల్లాకొచ్చిన అధికారి తావ్ చేతికి ఆ నవల చిక్కింది. దాని చివరి పుటలోని గుర్తు అచ్చుశాలని పట్టించింది, అచ్చుశాల ఈ ఊరిని పట్టించింది. రాసినవాడు ఎప్పుడో పోయాడు, పెట్టుకున్న పేరు కూడా దొంగపేరే. ఇక దొరికింది చెక్కిన పదకొండుమంది ఆడవాళ్లు.

కచేరీలో వాళ్లని మోకాళ్ల మీద కూర్చోబెట్టి తావ్ చెప్పాడు.

"తెలియక చెక్కినవాళ్లని వదిలేస్తాను. తెలిసి చెక్కింది మాత్రం ఉత్తరాన మంచుదేశానికి పోతుంది, మళ్లీ రాదు. ఇప్పుడు మా గుమాస్తా చదువుతాడు. ఎవతె నవ్వితే అది తెలిసి చెక్కినట్టే."

కమ్ హో పళ్లు బిగించింది.

గుమాస్తా ఫాన్ ముసలివాడే గానీ గొంతు మంచిది. చెరువు రాజ్యంలో ఒక బాతు న్యాయాధికారి ఉందట. తీర్పు చెప్పే ముందు మూడుసార్లు గొంతు సవరించుకుంటుందట. మొదటిది వాదికి, రెండోది ప్రతివాదికి, మూడోది నత్తల బుట్ట ఇంకా రాలేదని గుర్తుచేయడానికి. కొంగ తన పిల్లల్ని తినేసిందని కప్ప మొరపెట్టుకుంది. బాతు దొర ఇద్దరి బుట్టలూ ఖాళీ చేసి, బాగా విచారించి, కొంగకి అజీర్తి చేసినందుకు కప్పకి పన్నెండు దెబ్బలు వేయించింది.

ముందు తోయ్ పిన్నికి ముక్కులోంచి నవ్వొచ్చింది. ఆవిడ అరవై ఏళ్ల మనిషి, చెక్కడంలో ఊళ్లో అందరికన్నా ఆరితేరిన చేయి. దాంతో పక్కామెకి ఆగలేదు. చూస్తుండగానే పదిమందీ చొక్కా చేతులు నోట్లో కుక్కుకుని ఊగిపోతున్నారు.

పదిమందినీ మంచుదేశానికి ఎలా పంపడమా అని తావ్ దిక్కులు చూశాడు. ఫాన్ ఆయన చెవి దగ్గరికి వంగాడు గానీ, తన గుసగుస ఎంత పెద్దదో తన ముసలి చెవులకి తెలియలేదు.

"దొరా, నవ్వినవాళ్లు ఇప్పుడే మొదటిసారి విన్నారు. నవ్వనిదాన్ని చూడండి. కథ దానికి పాతదై ఉంటుంది."

కమ్ హోకి ఆ మాట వినిపించింది. ఇంతసేపూ ప్రాణాలు ఉగ్గబట్టుకుని చేసిన పనే తనని పట్టించింది.

"నువ్వు నవ్వవేం?" అన్నాడు తావ్.

మొగుడు అనే మాట ఒకటి ఆమెకి గుర్తొచ్చింది. తిట్టినవాడిని శత్రువని చెప్పి చంపెయ్యొచ్చు, రాజులకి అదేం కష్టం కాదు. నవ్వినవాడిని చంపాలంటే మాత్రం ఎందుకు నవ్వాడో పదిమందిలో చెప్పాలి, అందుకే ముందు పుస్తకాన్ని కాలుస్తారు అనేవాడు.

"మా ఇంట్లో పద్దెనిమిది బాతులున్నాయి దొరా. అన్నీ నత్తలే తింటాయి, అన్నీ అలాగే అరుస్తాయి," అంది. "ఇందులో నవ్వాల్సిందేమిటో నాకు తెలీలేదు. తమరు చెబితే నవ్వుతాను."

తావ్ నోరు తెరిచాడు. అది బాతు కాదనాలి. బాతు కాకపోతే మరెవరో చెప్పాలి. తర్వాత, అలవాటు చొప్పున, మూడుసార్లు గొంతు సవరించుకున్నాడు.

ఫాన్ తల వంచుకుని, సిరా లేని కుంచెతో ఏదో శ్రద్ధగా రాస్తున్నాడు.

"పలకలు తగలబెట్టండి. ఈ ఆడవాళ్లని నా కళ్ల ముందు నుంచి పంపేయండి," అన్నాడు తావ్.

అచ్చుశాల నుంచి పట్టుకొచ్చిన పలకలన్నీ కచేరీ ముంగిట్లోనే కాల్చారు. పదకొండుమంది ఎనిమిది నెలల పని అది.

తిరుగు పడవలో తోయ్ పిన్ని ఆమెని వదల్లేదు.

"ఏమే, నీకు మరీ ఇంత మందబుద్ధేంటే? దెబ్బలు తిన్నది కప్పే, ఇంకా అర్థం కాలా?" అని, లేచి నిలబడి బాతులా మెడ సాచి, కథంతా మళ్లీ ఆడి చూపించింది. పడవ ఊగింది. కమ్ హో ఏడేళ్ల నవ్వూ కలిపి నవ్వింది. పక్కనున్నామె వీపు నిమరాల్సి వచ్చింది.

నవ్వులు సద్దుమణిగాక పిన్ని నిట్టూర్చింది.

"తర్వాత ఆ కప్ప ఏమైందో పాడు. ముసలాడు అక్కడే ఆపేశాడు. పలకలేమో బూడిదైపోయె. ఇంకెవరు చెబుతారు మనకి?"

కమ్ హో అందరి ముఖాలూ చూసింది. పదిమంది, తెడ్డు వేసే పడవామెతో పదకొండు. వీళ్లలో ఒక్కరు నోరు జారినా మంచుదేశమే.

"కప్ప ఊరుకోలేదు పిన్నీ," అంది. "పై కచేరీకి పోయింది. అక్కడ పీట మీద కూర్చున్నది కొంగే."

తోయ్ పిన్ని నవ్వలేదు. కమ్ హో ముఖంలోకి చూసింది. తర్వాత మిగతావాళ్ల వైపు తిరిగింది.

"జరగండే, దానికి మధ్యలో చోటివ్వండి," అంది. "ఇప్పుడు చెప్పు. గొంతు తగ్గించి, మొదట్నుంచీ చెప్పు."