జవాబు జాగా

కీబోర్డుల మీద దుమ్ము తుడుస్తుండగా రమాకాంత్ ఫోన్ మోగింది. కుడిచేతిలో పాత బనీను గుడ్డ ఉంది. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పని ఆపకుండానే విన్నాడు. హైదరాబాదు నుంచి రాజేశ్వర్ రావు. రేపటి పంతుళ్ళు, అంటే డీఎడ్ చదివే పిల్లలు, కంప్యూటర్ మీద తయారుచేసిన పాఠాల పోటీని రాష్ట్రం మొత్తానికీ చూసుకుంటున్న అధికారి.

“రమాకాంత్ గారూ, శుభవార్త! మీ కాలేజీ పాఠానికే ఫస్ట్ ప్రైజ్. ‘ఎవరి ఇల్లు ఏది?’ చేసిన అమ్మాయి అనూష కదా? ఒకటో తరగతి పిల్లలకు అట్లనే చెప్పాలె. ఏం గొంతండీ!”

గుడ్డ ఆగిపోయింది.

“సార్, అ... అ... అను...”

“రేపు పదకొండింటికి అమ్మాయిని తీసుకుని రండి. జడ్జీల ముందు ఒకసారి చూపించాలె. ఎదురుగా ఒక పిల్లను కూర్చోబెట్టి చూపిస్తే ఇంకా మంచిది. అక్కడ ఓకే అయితే అన్ని బడులకూ పోతది. ఒక్కటే సంగతి. ప్రశ్న అడిగినంక చాలాసేపు ఖాళీలున్నయి చూడండి, అవి కత్తిరించి తేండి. లేకుంటే పక్కన పెట్టేస్తరు. కంగ్రాట్స్!”

“అనూష...” అని రమాకాంత్ పేరు పూర్తిచేసేసరికి అవతల ఎవరూ లేరు.

అనూష కూడా లేదు. వానకాలంలో జ్వరమొచ్చి దవాఖానలో చేరింది, తిరిగి రాలేదు. ఆమె మిగిల్చిపోయిన పాఠాన్ని ఆమె పేరుతోనే పోటీకి పంపింది రమాకాంతే.

అతను ఫోన్ జేబులో పెట్టుకుని, తుడిచిన కీబోర్డునే మళ్ళీ తుడిచాడు.

నలభై దాటిన మనిషి. సన్నని మెడ, దానికి వదులైన కాలరు, తెరల వెలుగుకు అలవాటుపడి ఎండలో చికిలించే కళ్ళు. మాట మొదలుపెట్టే ముందు గొంతుముడి ఒకసారి పైకి లేచి అక్కడే ఆగిపోతుంది. అది దిగేదాకా ఎదుటివాడు ఆగితే మాట వస్తుంది, ఆగకపోతే లేదు. కాలేజీలో పిల్లలు అతన్ని వెనకాల ‘మ్యూట్ సార్’ అంటారు. ఆ సంగతి అతనికి తెలుసు. ఒకరోజు ప్రొజెక్టర్‌లో శబ్దం రాకపోతే, “నా... నాకు చుట్టమైంది” అని అతనే అన్నాడు. ఆ రోజు నుంచి వాళ్ళకు అతనంటే ప్రాణం.

కొత్తవాడలో షత్రంజీలు, అంటే నూలు జంపఖానాలు, నేసే ఇంట్లో పుట్టాడు. మగ్గాల చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు గనుక, బడికి పోయేదాకా అతని నత్తి ఎవరికీ తెలియలేదు. బడిలో సారు ఎక్కం అడిగేవారు. జవాబు నాలుక చివరనే ఉండేది. అది బయటపడేలోపు సారు “కూచో” అనేవారు. కూర్చున్నాక, బెంచీ కింద పెదాలు కదలకుండా, జవాబు మొత్తం తప్పులేకుండా వచ్చేది. పంతులు కావాలని ఎంతో ఉండేది గానీ, పిల్లల ముందు నిలబడే ధైర్యం రాలేదు. మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు, తెర మీద చిన్న నల్లగీత ఆరుతూ వెలుగుతూ అతని కోసం కాచుకుని ఉంది. ఎంతసేపైనా సరే అన్నట్టుగా ఉంది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. అట్లా పంతుళ్ళకు కంప్యూటర్ నేర్పే కాంట్రాక్టు మనిషి అయ్యాడు. ఎన్ని బడుల్లో ఎంతమంది పిల్లలకు అతను నేర్పిన పాఠాలు చేరాయో! అతను మాత్రం ఒక్క తరగతి గదిలోనూ సుద్దముక్క పట్టలేదు.

అనూషతో కలిసి చదివిన హారిక అందరికంటే ముందు వచ్చింది. సుబేదారి నుంచి నడిచి వస్తుంది, రాగానే ఫ్యాను కింద నిలబడుతుంది.

“సార్, ఇయ్యాల మేడం ఏం కట్టింది బాక్సుల? కొత్త పెండ్లికొడుకుల బాక్సు వాసన వేరే ఉంటది.”

పోయిన మాఘంలోనే అతనికి పెళ్ళైంది. ముదురు పెళ్ళి. మామూలుగా అయితే సిగ్గుపడి నవ్వేవాడు. ఈరోజు నవ్వకపోవడం చూసి హారిక దగ్గరికొచ్చింది. అతను చెప్పాడు. అనూష పేరు రాగానే ఆమె కళ్ళు మూలనున్న సిస్టం వైపు పోయాయి. దాని ముందు ఇప్పటికీ ఎవరూ కూర్చోరు. స్విచ్ వేస్తే తెర మీద ఆమె పేరే ముందు వస్తుంది.

“ఫస్టా?” అంది హారిక. చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులు ఏం చేయాలో తెలియక చున్నీని పట్టుకున్నాయి. “గా పోరికి చెప్తె ఎగిరి దుంకుతుండె.”

కత్తిరించాలంటే ఆ పాఠాన్ని తెరవాలి. ఇద్దరూ మూలకు వెళ్ళి కూర్చున్నారు.

ఇట్లాంటి పాఠాలకొక పద్ధతి ఉంది. ప్రశ్న అడిగాక, పిల్ల జవాబు చెప్పడానికి గొంతు కాసేపు ఆగాలి. ఆ మౌనానికి రమాకాంత్ పెట్టిన పేరు జవాబు జాగా. కొత్తగా నేర్చుకునేవాళ్ళంతా దాన్ని మరీ చిన్నగా ఉంచుతారు. జవాబు తమకు తెలుసు కదా! అందుకే ఇంట్లో తమ్ముణ్ణో పక్కింటి పిల్లనో ఎదురుగా కూర్చోబెట్టుకుని కొలుచుకోమంటాడు. అనూష మాత్రం ఎవరూ చేయని తప్పు చేసింది. మరీ పొడుగ్గా ఉంచింది. తగ్గించమంటే “తగ్గిస్త సార్” అంది. తగ్గించలేదు.

ఇప్పుడు ఆ గొంతు గదిలో మోగింది. “కొమ్మకు వేలాడే గూడు. గాలికి ఊగుతుంది, కింద పడదు. ఎవరి ఇల్లు?”

తర్వాత మౌనం. ఫ్యాను తిరుగుతోంది. అప్పుడే లోపలికి వస్తున్న పిల్లలు గడప దగ్గరే నిలబడిపోయారు. జవాబు అందరికీ తెలుసు. ఎవరి నోరూ లేవలేదు.

“శభాష్! గిజిగాడిది.” ఎవరూ చెప్పకుండానే మెచ్చుకుంది అనూష.

హారిక తల దించుకుని తెర వైపు చూసింది. తెర మీద గొంతు గుట్టలు గుట్టలుగా కనిపిస్తుంది, మౌనం సన్నని గీతలా సాగుతుంది. ఆమె వేలు ఒకచోట ఆగింది.

“సార్, గిదేంది? ప్రతి ఖాళీకి ఆఖర్ల గీ ముల్లు లెక్క లేస్తాంది.”

శబ్దం పెంచి, హెడ్‌ఫోన్ చెరో చెవికి పెట్టుకున్నారు. మౌనం లోపల మౌనం లేదు. దూరంగా హైవే మీద లారీ పోతోంది. కోడి కొక్కొక్కొమంది. దగ్గరగా ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. ఆ ఊపిరి ఆగింది, గాజులు గల్లుమన్నాయి. వెంటనే “శభాష్!”

రెండో ఖాళీ, మూడో ఖాళీ. ప్రతి దాంట్లోనూ అదే ఊపిరి, చివర అవే గాజులు.

హారిక హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

“అనూష గాజులేసుకోదు సార్,” అంది మెల్లగా. “ఒట్టి వాచీనే.”

అతను కత్తిరించే గుర్తు మీద నుంచి వేలు తీశాడు. ఆ ఖాళీలో ఎవరో ఉన్నారు. ఎవరో తెలియకుండా కత్తిరించడానికి చేయి రాలేదు.

మధ్యాహ్నం అనూష వాళ్ళ ఊరికి పోయే బస్సులో కూర్చుని భార్యకు ఫోన్ చేశాడు. సంధ్యారాణి అతని మాటను ఎన్నడూ తాను పూర్తిచేయదు. అతను మొత్తం చెప్పేదాకా అవతల వెల్లుల్లి పొట్టు రాలుతున్న చప్పుడే వినిపించింది.

“నువ్వు చెప్పేలోపట కూర గూడ ఉడికింది పో,” అంది చివరకు. అతనికి నవ్వొచ్చింది. ఆమె కాసేపాగి, “ఆ తల్లి కాడ జర నిమ్మలంగ మాట్లాడు,” అంది.

రఘునాథపల్లిలో దిగి నడిచాడు. అనూష తల్లి శ్యామలమ్మ వాకిట్లో గంప ముందు కూర్చుని, ఎండిన పత్తికాయల్లోంచి దూది గుంజుతోంది. మెలితిరిగిన వేళ్ళు, చెంపల మీద పత్తి నూగు, రెండు చేతులా మట్టి గాజులు. దినాలకు వచ్చిన సారని గుర్తుపట్టింది.

“రాండ్రి సార్, కూసోండ్రి. ఆయన చేనుకు పోయిండు.”

అతని గొంతుముడి పైకి లేచి ఆగింది. ఆమె దూది గుంజుతూనే అతని ముఖం వైపు చూసింది.

“చెప్పుండ్రి. నాకేం తొందర లేదు.”

చెప్పాడు. ఫస్టు వచ్చిందన్న మాట దగ్గర ఆమె చేయి ఆగింది.

“గా పిట్టల ఇండ్ల పాఠమేనా?”

“మీకు తె... తెలుసా?”

“తెల్వకపోవుడేంది! నా పానం తీసింది గదా. దొరల కాడ జీతమున్న తల్లిదండ్రులకు పుట్టి బడి మొగం సూడనిదాన్ని పట్టి ఒకటో తరగతిల కూసోబెట్టింది.” ఆమె నవ్వింది. నవ్వు నోటి దగ్గరే ఆగింది. “చిన్నపిల్లను ఎవ్వలనన్న పిలుసుకో బిడ్డా అంటె, నువ్వే నా చిన్నపిల్లవు అన్నది. నోటితోని చెప్తె ఫోన్ల పడతదట. మనసుల చెప్పుకొని, అయిపోంగనె చెయ్యి లేపుమన్నది. బళ్లె లెక్క.”

రమాకాంత్ సంచీలోంచి లాప్‌టాప్, చిన్న స్పీకరు తీశాడు. వినిపించనా అన్నట్టు చూశాడు. ఆమె చేతులకున్న నూగు దులుపుకుని, కొంగు సర్దుకుని, మఠం వేసుకుని కూర్చుంది.

“కొమ్మకు వేలాడే గూడు. గాలికి ఊగుతుంది, కింద పడదు. ఎవరి ఇల్లు?”

శ్యామలమ్మ కళ్ళు ఆకాశం వైపు పోయాయి. పెదాలు కదిలీ కదలకుండా కదిలాయి. చేయి లేచింది. స్పీకరులోని గాజులు, వాకిట్లోని గాజులు ఒక్కసారే గల్లుమన్నాయి.

“శభాష్! గిజిగాడిది.”

పుట్ట ఎవరిదంటే చేయి లేచింది. తొర్ర ఎవరిదంటే లేచింది. ఎక్కడా ఒక్క క్షణం ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆ ఖాళీలన్నీ ఈమె ఆలోచించే వేగానికి కుట్టినవి. కొలతలు తీసుకుని కుట్టిన రవికెల్లా అతికాయి.

“ఇన్ని ఇళ్ళు చూశాం కదా! మరి మీ ఇంట్లో ఎవరెవరుంటారు? పేర్లు చెప్పుకోండి చూద్దాం.”

ఆమె బొటనవేలు చూపుడువేలి మీద పడింది. తర్వాత నడిమి వేలి మీద పడింది. ఉంగరపు వేలి దాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. స్పీకరులో గాజులు గల్లుమన్నాయి.

“శభాష్!” అంది అనూష.

వాకిట్లో చేయి లేవలేదు.

పాఠం అయిపోయింది. ఒక కోడి గంప దాకా వచ్చి, ఎవరూ అదిలించకపోతే దూదిని ఒకసారి పొడిచి పోయింది.

“సార్,” అంది శ్యామలమ్మ, తన వేళ్ళనే చూసుకుంటూ. “గా ఆఖరిది జర పెద్దగ చేస్తరా? సరిపోతలేదు.”

అప్పుడు అతను హైదరాబాదు మాట చెప్పక తప్పలేదు. ఖాళీలు తీసేయమన్నారు, తీయకపోతే పాఠాన్ని పక్కన పెట్టేస్తారు. ఆమె విని, మళ్ళీ ఒక పత్తికాయ అందుకుంది.

“మరి తీసెయ్యిండ్రి. పిల్లలు ఉషారుంటరు, గబగబ చెప్తరు. నాదంటె మొద్దు మెదడు గనుక గంత సేపు పట్టె. నా బిడ్డ గొంతు నాలుగు బళ్ళకు పోతె సాలు.”

“అందరు చె... చెప్పరమ్మా.” గొంతుముడి లేచింది. ఆమె కాయ ఒలుస్తూ ఆగింది. “నేను చెప్పకపోయేది. జవాబు తెలుసు. నా... నాకు తెలుసు. కూచో అనేటోళ్ళు.”

అంత పొడుగు మాట అతను బయటివాళ్ళ దగ్గర ఎన్నడూ అనలేదు. ఫోన్ తీసి రాజేశ్వర్ రావుకు కలిపాడు.

“సార్, ఒక్క ని... నిమిషం. ఫోన్ పెట్టకండి.” ఫోన్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. “అనూష లేదు సార్. చనిపోయింది. పొద్దున చె... చెప్పబోయిన. ఖాళీలు తీయను. ఆ ఖాళీలు వాళ్ళ అమ్మవి.”

అవతల చాలాసేపు ఏమీ వినిపించలేదు. రమాకాంత్ తొందరపెట్టలేదు.

“అయ్యో,” అన్నాడు రాజేశ్వర్ రావు ఎట్టకేలకు. “నేనేమో పొద్దున... సరే రమాకాంత్ గారూ. తీసుకురండి. కానీ జడ్జీలు ఏమంటరో నేను చెప్పలేను. పక్కన పెట్టినా పెడతరు.”

“చూ... చూసి పెట్టనీయండి.”

“ఎదురుగా కూర్చోబెట్టడానికి పిల్ల ఉందా మరి?”

రమాకాంత్ గొంతుముడి లేచేలోపే శ్యామలమ్మ ఫోన్ వైపు వంగి గట్టిగా అంది. “నేనున్న!”

పొద్దు వాలుతుండగా అతను ఆఖరి ఖాళీని సాగదీశాడు. ఉత్త నిశ్శబ్దం అతికించలేదు. ఆ ఖాళీలోనే ఉన్న లారీ హోరును, ఊపిరిని తీసి, గాజుల కంటే ముందు మళ్ళీ ఒకసారి పరిచాడు. దాన్ని స్పీకరులోని కార్డులో వేసి, ఏ మీట నొక్కాలో ఆమెకు చూపించాడు. ఆమె రెండుసార్లు నొక్కి చూసి నేర్చుకుంది.

“రేపు పొద్దుగాల బస్సుల నాకు కిటికీ పక్కకు సీటు పట్టుండ్రి సార్,” అంది, అతన్ని సాగనంపుతూ. “నేను రోడ్డు మీద నిలవడుంట. ఆయనను గూడ తోలుకొస్త. మా బిడ్డ పాఠం మేం సూడద్దా? జడ్జీలు పక్కకు పెడితె పెట్టనియ్యిండ్రి, ముందుగాల వింటరు గదా. గీ రాత్రికి ఆఖరి జవాబు జర నేర్సుకుంట.”

దడి దాటాక వెనక నుంచి అనూష గొంతు మొదలైంది. అతను తిరిగి చూశాడు. పత్తి గంప పక్కన, వాకిట్లో ఉంచి వచ్చిన స్పీకరు జాలీకి ఒక దూదిపోగు అంటుకుని ఉంది. గొంతు వినిపించినంతసేపూ అది సన్నగా వణికింది. ప్రశ్న అయిపోగానే కదలకుండా నిలబడింది.