వాజా గారి అంగడి భాష

ఉద్యోగం చేసినంత కాలం నేను సూపర్‌మార్కెట్ కౌంటర్లోనే కూర్చున్నాను. నా చేతి వేగానికి జడిసి మా ఊరు రాయిట్లింగెన్‌లో సగం మంది సంచీ సర్దుకోవడం నేర్చుకున్నారు. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, చర్చి హాల్లో కొత్తగా వచ్చినవాళ్ళకు జర్మన్ చెప్పడం మొదలుపెట్టాను. నా దగ్గర వ్యాకరణం గట్రా ఉండవు. వారానికి ఏం వండాలి, దానికేం కొనాలి, కొట్లో ఎలా అడగాలి, అంతే. కడుపు నిండితే మిగతా భాష దానంతటదే వస్తుంది.

మా క్లాసులో అందరికన్నా పెద్దవాడు వాజా. మా బిల్డింగులోనే మూడో అంతస్తు, నాది అన్నిటికన్నా కింద. జార్జియా మనిషి. భార్య పోయాక, ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న కూతురు ఏతెరి తన దగ్గరికి తెచ్చుకుంది. గుబురు మీసాలు, ఇస్త్రీ చొక్కా, క్లాసులో మొదటి బెంచీ. నేను చెప్పిన వాక్యాలన్నీ ప్రార్థన వల్లించినట్టు వల్లించేవాడు. "క్షమించండి, గుడ్లు ఎక్కడ ఉన్నాయి? అర కిలో ఇవ్వండి. సంచీ వద్దు, ఇలాగే పట్టుకెళ్తాను." ఆ వాక్యాలు తప్ప అతనికి వేరే జర్మన్ రాదు. వాటిని ఒక్కసారైనా నిజంగా వాడాడా అంటే అదీ లేదు. కొట్టుకెళ్తే సిగ్గుపడి తిరిగొచ్చేవాడు.

పెంతెకొస్తు పండగ వారంలో ఏతెరి నా తలుపు తట్టింది. వెనకాలే వాజా, తప్పు చేసిన పిల్లాడిలా.

"టీచరమ్మా, మీరే సాక్ష్యం. నేను డ్యూటీకెళ్తే మా నాన్న స్టవ్వు వెలిగించడు. రొట్టె, ఊరగాయ! చిక్కి సగమయ్యాడు. ఇప్పుడు నేను స్నేహితురాలి పెళ్ళికి బెర్లిన్ వెళ్తున్నా. సోమవారం మధ్యాహ్నం వస్తా. వచ్చేసరికి బల్ల మీద వేడి భోజనం ఉండాలి. మొత్తం నాన్నే చూసుకోవాలి. లేదంటే మళ్ళీ జార్జియాకి, కుతాయిసిలో పెదనాన్న దగ్గరికి పంపేస్తా. అక్కడైతే కనీసం తిండి పెట్టేవాళ్ళుంటారు."

ఆమె వెళ్ళాక వాజా గుండె మీద చెయ్యి పెట్టుకుని, తనకొచ్చిన భాషలో గోడు చెప్పుకున్నాడు. "అన్న వద్దు. అన్న చాలా ఖరీదు. నా కూతురు, దయచేసి, ఒకటి. అంతే, చాలు." నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఉన్న ఒక్క కూతుర్నీ వదిలి మనిషి ఎక్కడికి పోతాడు!

ఇద్దరం కూర్చుని వంటలు నిర్ణయించాం. వాల్‌నట్ ముద్దలో ఉడికిన కోడి, చీజ్ కూరిన రొట్టె, వంకాయ. అతను తలూపి వెళ్ళాడు. శనివారం కొట్టుకెళ్ళాడా లేదా అని నేను అడగలేదు. శనివారం కొట్టుకెళ్ళమని జర్మనీలో ఒకరికొకరు చెప్పుకుంటారా? ఊపిరి పీల్చమని చెప్పినట్టుంటుంది.

సోమవారం పొద్దున్నే మెట్ల మీద అడుగుల చప్పుడైతే తలుపు తీశాను. వాజా. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఖాళీ సంచీ, మొహాన నెత్తురు చుక్క లేదు.

"కొట్టు... తలుపు తెరవదు. నేను అడిగాను. దయచేసి అని కూడా అన్నాను."

"ఈ రోజు పెంతెకొస్తు సోమవారమయ్యా! నిన్న ఆదివారం, ఇవాళ పండగ. రెండు రోజులూ కొట్లన్నీ మూతే. శనివారమే ఎందుకు కొనలేదు?"

అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "కూతురికి? పాత కోడి? పాత కొత్తిమీర?"

వాళ్ళ ఊళ్ళో విందు సరుకు విందు పూటే తెస్తారట. రెండు రోజులు మగ్గిన కూరాకు అతిథి ముందు పెట్టడం అవమానమట. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. స్టేషన్లో కొట్టు తెరిచే ఉంటుంది కానీ అక్కడ దొరికేది చూయింగ్ గమ్మూ వాడిన పూలూ.

నేను పిండి, గుడ్లు, చీజ్ తీసిచ్చాను. "కోడి నా దగ్గర లేదు. పైన అడగండి."

"ఎలా?"

"నేర్పాను కదా! అలాగే."

అన్నానే గాని, పైన ఉన్నది ఎవరో అప్పుడు గుర్తొచ్చింది. మొదటి అంతస్తులో ట్రౌట్‌వైన్ గారు, రెండో అంతస్తులో ఎగెల్‌హాఫ్ గారు. ఇద్దరికీ ఏళ్ళుగా మాటల్లేవు. మా బిల్డింగులో మెట్లూడ్చే వారం ఇంటింటికీ వంతులవారీగా వస్తుంది. వంతు ఎవరిదో వాళ్ళ తలుపు పిడికి చెక్క పలక వేలాడుతుంది. ట్రౌట్‌వైన్ గారు కాళ్ళు తుడుచుకునే పట్టా ఎత్తకుండా ఊడుస్తుందని ఎగెల్‌హాఫ్ అన్నాడు. అంతే, ఉప్పూ నిప్పూ అయ్యారు. ఆ పలకకు పెత్తందారు ఎగెల్‌హాఫే. మూడో అంతస్తుకు మాత్రం దాన్ని ఎప్పుడూ తగిలించడు. "నేడో రేపో ఊరొదిలి పోయేవాళ్ళు, వాళ్ళకి చీపురెందుకు?" అని గొణుక్కుంటూ ఆ వంతు కూడా తనే ఊడ్చేస్తాడు.

నేను మెట్ల కింద నిలబడి విన్నాను.

"నమస్కారం అమ్మా. కోళ్ళు ఏ వరుసలో ఉన్నాయి?"

ట్రౌట్‌వైన్ గారి గొంతు. "ఏ వరుసేంటండీ? ఇది మా ఇల్లు!"

"తాజాదా? ఒకటి చాలు. నా కూతురు వస్తోంది."

"పండక్కని తెచ్చుకున్నదొకటుంది గానీ... ఒక్కదాన్ని అంత కోడి ఏం తింటాను... అయ్యో, కళ్ళు తుడుచుకోండి, తీసుకెళ్ళండి!"

"సంచీ వద్దు. మధ్యాహ్నం మీరూ రండి. ఇచ్చినవాళ్ళు తినాలి."

పైన ఎగెల్‌హాఫ్ దగ్గర వాల్‌నట్లు అడిగాడు. తన తోటలో కాసినవని ఆయన గొప్పగా ఒక బుట్టెడు ఇచ్చాడు. కాసేపటికి మూడో అంతస్తులో దంచుడు మొదలైంది. ధన్, ధన్, ధన్! పండగ పూట మా దగ్గర మేకు కూడా కొట్టకూడదు. తన వాల్‌నట్లే తన నెత్తిన పడుతున్నాయని ఎగెల్‌హాఫ్‌కు తెలీదు. మెట్లు దడదడలాడిస్తూ పైకెళ్ళాడు.

"ఏంటయ్యా ఈ గోల! పండగ రోజని తెలీదా? పోలీసుల్ని పిలవనా?"

వాజా రోకలి ఆయన చేతిలో పెట్టాడు. "మీరు ప్రయత్నించి చూస్తారా? నేడు ఉచితం."

చప్పుడు మళ్ళీ మొదలైంది, ఈసారి ఇంకా గట్టిగా.

ఏతెరి తలుపు తీసేసరికి బల్ల చుట్టూ మేమంతా మా మా కుర్చీలతో కూర్చున్నాం. వాసనకు మెట్లన్నీ మత్తెక్కాయి. ఆమె కోడిని చూసింది, మమ్మల్ని చూసింది, తండ్రిని చూసింది.

"ఇవన్నీ నువ్వు కొన్నావా నాన్నా?"

వాజా అబద్ధమాడలేదు. "కొట్టు మూత. అందరూ ఇచ్చారు."

"అంటే పండగని కూడా తెలీదన్నమాట. నువ్విక్కడ ఒంటరిగా ఎలా బతుకుతావు నాన్నా?"

వాజా గ్లాసు పట్టుకుని లేచాడు. వాళ్ళలో ఇంటి పెద్ద లేచి అందరి కోసం గ్లాసు ఎత్తి మాట్లాడకపోతే అది విందే కాదట. ఇక్కడ మాట్లాడాలంటే అతని దగ్గర ఉన్నది నేను నేర్పిన అంగడి భాషే.

"శాంతి. అందరికీ ఒక్కో కిలో." తాగాం.

"ఇరుగుపొరుగు. చాలా తాజా." తాగాం. ట్రౌట్‌వైన్ గారు ముక్కు చీదుకుంది.

మూడోసారి అతను గ్లాసు ఎత్తాడు. "నా భార్య లాలి. క్షమించండి, ఇప్పుడు లేదు. నేను అడిగాను. వెనక గోడౌన్‌లో కూడా లేదు. మళ్ళీ రాదు." కూతురి వైపు తిరిగాడు. "ఇది ఒకటే మిగిలింది. మార్చుకోను."

ఏతెరి బ్యాగు కింద పడేసి తండ్రి మెడ పట్టుకుని భోరుమంది. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికేముంది. ఆ వాక్యాలన్నీ నేను నేర్పినవే. అంత బరువు మోస్తాయని నాకే తెలీదు.

"ఉప్పు ఇలా అందుకోండి," అన్నాడు ఎగెల్‌హాఫ్, ఎటో చూస్తూ. ట్రౌట్‌వైన్ గారు, ఆమె కూడా ఎటో చూస్తూ, అందించింది.

తిన్నాక ఎగెల్‌హాఫ్ చెప్పాపెట్టకుండా లేచి వెళ్ళిపోయాడు. ఇంతే ఈయన బుద్ధి అనుకున్నాను. రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు, చేతిలో చెక్క పలక.

"ఈ వారం మూడో అంతస్తు వంతు," అన్నాడు ఏతెరితో కరుగ్గా. "మీ నాన్నకి చెప్పమ్మా. పట్టా ఎత్తి ఊడవాలి. వంతున్న మనిషి ఊరు విడిచి పోకూడదు, అది బిల్డింగు రూలు."

అలాంటి రూలేం లేదు.

ఏతెరి కళ్ళు తుడుచుకుని ఆ మాటలు వాళ్ళ భాషలో తండ్రికి చెప్పింది. వాజా లేచి, చొక్కా సర్దుకుని, రెండు చేతులా పలక అందుకున్నాడు.

"సంచీ వద్దు," అన్నాడు. "ఇలాగే పట్టుకెళ్తాను."